మా సార్‌ని ఓడించిన రెండో అధ్యాయం

ఈమధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర, కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్న కుర్ర లెక్చరరు ఒకతను నా పక్కన కూర్చుని, "మేడం, ఇంటర్నెట్ లేని కాలంలో మీరు పరిశోధన ఎట్ల చేసేవాళ్ళు?" అని అడిగాడు. ఓడ కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం అన్నాను. అతను పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నవ్వించడానికి అనలేదు.

అనంతపురంలో నేను పనిచేసిన కాలేజీకి విదేశీ పత్రికలు నిజంగానే ఓడల మీద వచ్చేవి. విమానం టపా ఖర్చు భరించలేక మా లైబ్రరీ ఆ ఏర్పాటు చేసుకుంది. మద్రాసు రేవులో దిగి, మూటల్లో నలిగి, మా బల్ల మీదికి చేరేసరికి అందులోని కొత్త సంగతి పాతబడిపోయేది. తొంభైల్లో ఆ చందాలు కూడా ఒక్కొక్కటే ఆపేశారు. ఇక మిగిలింది బెంగళూరు. ఏ పని మీద ఎవరు వెళ్ళినా, అక్కడి లైబ్రరీలో నిలబడి కావలసిన పేజీలు జిరాక్స్ తీయించి సంచిలో పెట్టుకు రావడం మా డిపార్ట్‌మెంటు ఆచారం. ఆ సంచిలో రానిది మా లెక్కలో లోకంలో జరగనట్టే.

ఆ ఆలస్యం వల్ల ఒక మనిషి ఇరవై ఏళ్ళ పని, ఒక అమ్మాయి నాలుగేళ్ళ చదువు ఒకే రోజు వీధిన పడ్డాయి. దాని గురించి రాస్తున్నాను. ఎవరి దగ్గరన్నా పరిశోధనకు చేరబోయే పిల్లలు చదవాలని నా ఆశ. గైడ్లు చదివితే ఇంకా మంచిది. కానీ గైడ్లకు మరొకరు రాసింది చదివే అలవాటు తక్కువ.

ఆ మనిషిని సార్ అనే అంటాను. మా అందరికీ ఆయన సారే. నాకన్నా బాగా పెద్ద. కళ్యాణదుర్గం వైపు మెట్ట పల్లెలో పుట్టి, కష్టపడి చదువుకుని వచ్చినవారు. సుద్దముక్క గోటికి దొరకనంత చిన్నదయ్యేదాకా రాసేవారు. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు తెల్లగా కనిపిస్తే చాలు, వాటిని కట్టలుగా కుట్టుకుని లెక్కలకు వాడేవారు. కొళాయి సరిగా కట్టకుండా పోయిన విద్యార్థిని కారిడార్ చివరి నుంచి వెనక్కి పిలిచి కట్టించేవారు. పిసినారి అని కొందరు వెనకాల అనుకునేవాళ్ళు. పిసినారి కాదు. ఎవరి ఇంట్లోనన్నా కష్టం వస్తే అడగకముందే వెళ్ళి నిలబడే మనిషి. వృథా అంటే మాత్రం ఆయనకు భరించరాని బాధ.

ఆయన పట్టుకున్న సమస్య గామా మెరుపులు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. ఆకాశంలో ఏదో ఒక మూల, ఏ సూచనా లేకుండా గామా కిరణాలు కొన్ని సెకన్లపాటు మండి ఆరిపోతాయి. అవి కంటికి కనబడవు. మన గాలిపొర వాటిని కిందికి రానివ్వదు కాబట్టి ఉపగ్రహాలే పట్టుకోవాలి. ఒకసారి మెరిసిన చోట మళ్ళీ మెరవవు. అవి ఎంత దూరంలో పుడుతున్నాయో అప్పటికి ఎవరికీ తెలియదు. దూరం తెలియకపోతే బలం తెలియదు. చీకట్లో ఒక వెలుగు కనబడితే, అది పక్క చేలో టార్చిలైటో కొండ మీది లారీ దీపమో చెప్పలేం కదా, అట్లాంటి చిక్కు.

సార్‌ది "దగ్గర" పక్షం. మన పాలపుంతను అన్ని వైపులా గోళంలా కమ్ముకున్న చాలా పెద్ద వలయంలో చచ్చిన నక్షత్రాలు తిరుగుతుంటాయని, న్యూట్రాన్ నక్షత్రాలనే ఆ గట్టి ముద్దల మీదే ఈ మెరుపులు పుడతాయని ఆయన వాదం. అది పిచ్చి మాటేమీ కాదు. ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్ళే ఆ పక్షాన ఉండేవాళ్ళు. అవతలి పక్షం, ఇవి ఊహకందనంత దూరంలో, వేరే గెలాక్సీలలో పుడతాయనేది. అదే నిజమైతే, సూర్యుడు పుట్టుక నుంచి చావు దాకా ఇచ్చే శక్తికన్నా ఎక్కువ కొన్ని సెకన్లలో ఖర్చయిపోవాలి. సార్‌కి ఇది మింగుడుపడేది కాదు.

"అంత దుబారా యాడన్నా ఉంటాదామ్మా?" అనేవారు నాతో. "తక్కువతో సరిపోయే లెక్క ఉన్నప్పుడు ప్రకృతి అంత కుమ్మరిస్తాదా? ఈ జిల్లాలో పుట్టినోన్ని, నేను నమ్మలేను."

ఆ అమ్మాయి ఉరవకొండ పక్క పల్లె నుంచి వచ్చింది. తండ్రి వేరుశనగ రైతు, వాన మీద బతికే సేద్యం. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటినది తనొక్కతే. తక్కువ మాట్లాడేది. పట్టుదల మాత్రం గట్టిది. సార్ వలయం లెక్కలను మా డిపార్ట్‌మెంటుకున్న ఒకే ఒక కంప్యూటరు మీద నాలుగేళ్ళు నడిపింది. ఆ కంప్యూటరు నా ల్యాబులో ఉండేది. అందుకే నాకు ఆమె చేరువైంది. నా సొంత విషయం కాంతిశాస్త్రం. ఈ మెరుపుల సంగతి నాకు వాళ్ళిద్దరి మాటలు వింటూ అబ్బిందే.

తొంభైల రెండో సగంలో బెంగళూరులో ఒక సదస్సుకు ఆమె పేపరు తీసుకున్నారు. సార్‌కి పరీక్షల డ్యూటీ పడింది. ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఎందుకని నన్ను తోడు పొమ్మన్నారు. ఆమె చక్కగా మాట్లాడింది. వణకలేదు. చివర్లో ముందు వరసలో ఒక యువకుడు చెయ్యెత్తాడు. ఎగతాళి మనిషి కాదు, నిజానికి ఇబ్బందిపడుతూనే అడిగాడు. ఒక మెరుపు ఆరిపోయిన చోట ఇంకా మిణుకుమంటున్న వెలుగును దూరదర్శినితో పట్టుకున్నారని, దాని దూరం కొలిచారని, అది మన పాలపుంతకు ఎన్నో రెట్లు అవతల ఉందని తేలిందని చెప్పాడు. "నెలల కిందటే అచ్చయింది. మీరు చూడలేదా?" అన్నాడు.

ఆమె లేదంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో అనిపించింది. అధ్యక్షుడు థాంక్స్ చెప్పి తర్వాతి పేరు పిలిచాడు. టీ దగ్గర ఆ యువకుడే వచ్చి జిరాక్స్ కాగితాలు ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు.

తిరుగు రైల్లో హిందూపురం దాటేదాకా ఆమె ఆ కాగితాల్లోంచి తలెత్తలేదు. తర్వాత వాటిని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నిజమే మేడం. తప్పేమీ లేదు దీంట్లో."

"ఇంకోసారి చూడు. తొందరపడకు."

"మూడుసార్లు చూస్తి. మన లెక్క పోయె." కిటికీలోంచి ఎండిన చేల వైపు చూసింది. "సార్‌కి ఎవురు చెప్పల్ల మేడం?"

"నేను చెబుతాలే."

"వద్దు మేడం. నేనే చెప్తా. వేరేవాళ్ళ నోటెంట వింటే ఇంగా బాధపడతాడు."

మరునాడు ఆమె ఆయన గదిలోకి వెళ్ళి చెప్పింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కాగితాలు తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆసాంతం చదివారు. "కొలిచింది ఒకటే గదా. ఒక చినుకు రాలితే వానొచ్చినట్టేనా?" అన్నారు. అని నవ్వారు కూడా.

చినుకులు ఆగలేదు. తర్వాత ఇంకొకటి కొలిచారు, ఆపై మరొకటి. అన్నీ దూరమే. సార్ వాదించడం మానేశారు. ఆ మాటే ఎత్తడం మానేశారు. కుట్టుకున్న లెక్కల కట్టలు బల్ల మీద నుంచి బీరువా పైకి పోయాయి. క్లాసులు మాత్రం ఒక్కటీ మానలేదు. థర్మోడైనమిక్స్ ఎప్పటిలాగే చెప్పేవారు. స్టాఫ్‌రూములో ఎవరైనా మెరుపుల ఊసెత్తితే లేచి మంచినీళ్ళకు వెళ్ళిపోయేవారు. అది చూడలేకపోయేవాళ్ళం.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. దూరం నిజమైతే అంత శక్తి ఎక్కడిది అన్న ప్రశ్న పట్టుకుంది. బెంగళూరు సంచుల్లో ఇప్పుడు ఆమె అడిగిన కాగితాలే వచ్చేవి. అప్పటికి ఒక ఊహ బలపడుతోంది. చాలా బరువైన నక్షత్రం కూలినప్పుడు దాని నడుమ ఒక కృష్ణబిలం పుడుతుంది. మిగిలిన పదార్థం అందులోకి పడుతుంది. ఆ పడటంలోనే మెరుపుకు కావలసిన బలమంతా ఉందని ఆ ఊహ. నాలుగేళ్ళ లెక్క పక్కన పెట్టి, ఆమె దీని మీద మొదటి నుంచి మొదలుపెట్టింది. సార్‌ని అడిగితే "నీకు సరి అనిపించింది చెయ్" అన్నారట. బయటికి వచ్చి, తిట్టుంటే బాగుండు మేడం అని నా దగ్గర ఏడ్చింది.

ఒక ఎండాకాలం పూట ఆమె లెక్కలు సరిచూడమని సార్ ముందు పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చాలాసేపు చూసి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ప్రశ్న వేశారు.

"కృష్ణబిలం మింగేటిది. వెలుగును గూడ వదలదు. దాంట్లో పడేటిదానికి బయట వెలుగెట్ల వస్తాది?"

"పడినాక రాదు సార్. పడకముందే వస్తాది." ఆమె కాగితం అంచున ఒక చుక్క పెట్టింది. "మా ఊరికి నీళ్ళ ట్యాంకరు వస్తాది గదా సార్. గలాటా చేసేది బిందె నిండినోళ్ళు కాదు. ఇంగా పైపు కాడికి పోతాండేవాళ్ళు. అందరూ ఒక్కసారిగా నేరుగా పోలేరు. చుట్టూ తిరగల్ల, ఒకర్నొకరు రాసుకోవల్ల. ఇదీ అంతే సార్. నక్షత్రం తిరుగుతా ఉంటాది కాబట్టి పదార్థం నేరుగా పడలేదు. బిలం చుట్టూ పళ్ళెం మాదిరి తిరుగుతాది. ఆ తిరగడంలో రాపిడి పుట్టి కాగిపోతాది. దాంట్లో కొంచెం పైకీ కిందికీ రెండు ధారలుగా చిమ్ముకోని పోతాది. ఆ ధార మనవైపు తిరిగుంటే మనకు మెరుపు."

"అయినా అంత ఖర్చా?"

"అన్ని దిక్కులకూ పోదు సార్, రెండు ధారలే. మనం ఇన్నాళ్ళు అన్ని దిక్కులకూ లెక్కేసి భయపడినాం." ఆమె గొంతు తగ్గించింది. "ఇంగొకటి సార్. సూర్యునిలో హైడ్రోజన్ మండితే దాని బరువులో నూటికి ఒక వంతు గూడ వెలుగు కాదు. బిలంలోకి పడేటిది దానికి ఎన్నో రెట్లు ఇస్తాది. ఇది దుబారా కాదు సార్. బరువును వెలుగు చేసేదాంట్లో ఇంతకన్నా పొదుపైనది నాకు యాడా కనబడల్యా."

సార్ ఎర్ర పెన్సిలు తీసి, మూడో పేజీలో ప్లస్ మైనస్ గుర్తు తప్పిన చోట సున్న చుట్టి, "ఇది సరిచేసుకో. తక్కింది నిలబడతాది" అన్నారు. ఆ రోజు నుంచి ఆమె ప్రతి పేజీ ఆయన ఎర్ర పెన్సిలు కిందికి వెళ్ళింది. తన వలయం గురించి మాత్రం ఆయన నోరు విప్పలేదు, మేమూ విప్పలేదు.

సార్ ఆ మరుసటి ఏడు మే నెలాఖరుకు రిటైరవుతున్నారు. రిటైరయ్యాక గైడ్ సంతకం చెల్లదు. పని ఇంకొకరి పేరుకు మార్చాలంటే కమిటీలు కూర్చోవాలి, ఏడాది పైన పడుతుంది. ఆమె ఫెలోషిప్ జూన్‌తో ఆగిపోతుంది. ఒకరోజు ఆమె తండ్రి వచ్చి నా ల్యాబు బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి వచ్చాడు.

"ఏమ్మా, మా పాప సదువు యాడికొచ్చె?"

"అయిపోయినట్టేనన్నా. సార్ చదివి సంతకం పెడితే చాలు."

"ఈ ఏడు గూడ శెనక్కాయ పోయె. జూన్ వరకు అని ఒప్పుకొంటి. ఆ మీదట ఇంటికి రావల్ల, చేనికి మనుషులు ల్యారు." గోడకున్న నక్షత్రాల పటం చూశాడు. "దానికి శానా ఆశ ఉండాది మేడం. నాకు తెలుసు. సంతకం పెట్టియ్యండమ్మా."

థీసిస్ టైపయింది. అందులో రెండో అధ్యాయం పాత సిద్ధాంతాలు ఎందుకు నిలబడవో చెప్పేది. సార్ పేపర్లన్నీ పేరు పేరునా అందులో ఉన్నాయి, ఎంత మెత్తగా రాసినా తప్పు తప్పే కదా. మా హెడ్ అది చూసి తల పట్టుకున్నాడు. హెడ్ చెడ్డవాడు కాదు, ఎవరినీ నొప్పించకుండా నెట్టుకొచ్చే మనిషి.

"పెద్దాయన రిటైరయ్యే పూట ఆయన చేతనే ఇది చదివిస్తామా? గురువును తప్పని రాసింది శిష్యురాలే అంటారు. ఆ అధ్యాయం తీసెయ్యమ్మా. ఆయన ఊసే వద్దు. సీదా కృష్ణబిలంతో మొదలుపెట్టు, ఎవురికీ బాధ ఉండదు."

డిపార్ట్‌మెంటు మొత్తం సరేనంది, నేను కూడా. మా వైపు పెద్దల తప్పును నలుగురిలో ఎత్తి చూపకపోవడమే మర్యాద. ఎత్తి చూపకుండా ఉండటానికి ఉత్తమమైన దారి ఆ పేజీలు లేకుండా చేయడం అనుకున్నాం. ఆమెకు మాత్రం ఇష్టం లేదు. "అట్ల రాస్తే అబద్ధం కాదా మేడం?" అని ఒకసారి అడిగింది. జూన్ గుర్తుచేశాను. రెండో అధ్యాయం పోయింది. వెనక పట్టికలో సార్ పేపర్లు ఒక్కటీ మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. కాలేజీకి సెలవులు. కరెంటు లేదు. సార్ తన గదిలో కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నారు. మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, హెడ్, నేను, ఆ అమ్మాయి. వడగాలి కొడుతోంది. పేజీలు తిప్పుతున్న చప్పుడు మాకు వినబడుతోంది. చివరి పట్టిక దగ్గర చప్పుడు ఆగింది. మళ్ళీ ముందుకు తిప్పారు. మళ్ళీ వెనక్కి.

"రామ్మా" అని పిలిచారు. ముగ్గురం వెళ్ళాం.

"దీంట్లో నేను యాడుండానమ్మా?"

ఆమె తల వంచుకుంది. హెడ్ ముందుకు వచ్చాడు. "సార్, మీ పేరు ముందు పేజీలోనే ఉంది సార్. గైడ్ అని. కృతజ్ఞతలు కూడా..."

"అది కాదప్పా నేను అడిగేది." ఆయన గొంతు పెంచలేదు. అయినా ఇరవై ఏళ్ళలో ఆ గొంతు అంత కఠినంగా ఉండటం నేను వినలేదు. "ఇరవై యేండ్లు రాసినాను. అచ్చయినాయి. జనాలు చదివినారు, కొట్లాడినారు. దీంట్లో చూస్తే ఒక మాట లేదు. నేను పుట్టనేలేదా?"

"మిమ్మల్ని తప్పని రాయడానికి నాకు చెయ్యి రాల్యా సార్" అంది ఆమె.

"రాల్యాదా, రాయొద్దన్నారా?"

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. హెడ్ గోడ వైపు చూశాడు. నేనే అన్నాను, "అందరం కలిసి చెప్పాం సార్. మీకు బాధ కలగకూడదని."

"తప్పని రాస్తే నాకు బాధే. ఒప్పుకొంటా. ఇంటికి పోయి అన్నం తినకుండా పండుకుంటా, అంతే గదా. మీరు చేసింది అది కాదమ్మా. మీరు నన్ను లేకుండా చేసినారు." ఆయన థీసిస్ మీద చెయ్యి ఆన్చారు. "తప్పని రాయి పాపా. యేంటికి తప్పో రాయి. లేనట్టు రాయొద్దు. రేపు ఇంగొక పిల్లోడు ఇదే దోవన పోయి ఇరవై యేండ్లు పోగొట్టుకుంటే? ఈ దోవ యాడ ఆగిపోతాదో ఎవురు చెప్తారు వానికి?"

ఆమె నిలబడే ఏడ్చింది. శబ్దం లేకుండా. సార్ ఓదార్చలేదు. పాత అధ్యాయం ఉందా అని అడిగారు. ఉందంది. తెమ్మన్నారు. ఇది సరిగా వచ్చేదాకా సంతకం పెట్టనన్నారు. ఆయన కొలువు ఇంక వారమే ఉంది.

తెచ్చిన అధ్యాయం చదివి ఆయన మరింత కోప్పడ్డారు. ఈసారి కోపం వేరే రకం. "ఇంత మెత్తగా కొడితే నేను పడతానా? ఇదో, మెరుపులు అన్ని దిక్కులా సమానంగా కనబడతాయి, కాబట్టి వలయం తప్పని రాసినావు. దీనికి నా కాడ జవాబుండాది. వలయాన్ని ఇంగా పెద్దది చేస్తా, అప్పుడు మనం దాని నట్టనడుమ లేకపోయినా సమానంగానే కనబడతాది. నిజానికి నేను చేసింది గూడ అదే. ఇప్పుడేమంటావు?"

ఆమె పేజీలు వెనక్కి తిప్పి జవాబు వెతికింది.

"రాసుకో" అన్నారు. "మన పాలపుంతకు అంత పెద్ద వలయం ఉంటే పక్క గెలాక్సీకి గూడ ఉండల్ల గదా. వలయాన్ని పెంచుకుంటా పోతే ఆ గెలాక్సీ మెరుపులు గూడ మనకు కనబడల్ల. ఆ దిక్కున ఎక్కువ మెరుపులు రావల్ల. వచ్చినాయా? రాల్యా. చిన్నదిగా పెడితే ఒక తప్పు, పెద్దదిగా పెడితే ఇంగొక తప్పు. నడుమ నిలబడేదానికి చోటు ల్యా."

ఆ వారమంతా ఇదే పని. బీరువా పైనుంచి కట్టలు కిందికి దిగాయి. ఆయన తన వైపు నిలబడి ఒక వాదం వేసేవారు, ఆమె కొట్టాలి. కొట్టలేకపోతే ఎక్కడ కొట్టాలో తనే చూపించేవారు. మధ్యాహ్నం క్యారియర్ ఇద్దరికీ పంచేవారు. నేను కూర్చుని టైపు చేశాను. హెడ్ అప్పుడప్పుడు తొంగి చూసి, సార్‌కి ఎదురుపడలేక వెళ్ళిపోయేవాడు. చివరిరోజు వీడ్కోలు సభకు దండలు, శాలువా సిద్ధంగా ఉంచి అందరూ ఎదురుచూస్తుంటే, ఆయన గదిలో చివరి పేజీ చదివి సంతకం పెట్టి, కలం మూత బిగించి, అప్పుడు సభకు నడిచారు. దండ వేస్తున్నప్పుడు ఆయన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. నాకు ఆయన మీద అంత గౌరవం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

వైవా కొన్ని నెలల తర్వాత జరిగింది. మా దగ్గర వైవా అంటే ఎవరైనా వచ్చి వినవచ్చు. ముందు వరసలో ఆమె తల్లిదండ్రులు, కొత్త బట్టల్లో, చేతులు కట్టుకుని కూర్చున్నారు. వెనక గదిలో చిత్రాన్నం, ఓళిగలని మేమనే బొబ్బట్లు ఉన్నాయి. పరీక్షకుడు బయటి ఊరి పెద్ద ప్రొఫెసరు. బాగానే అడిగాడు, ఆమె బాగానే చెప్పింది. చివర్లో ఆయన థీసిస్ తిరగేస్తూ, "రెండో అధ్యాయం నాకు బాగా నచ్చింది. కానీ ఒకే ఒక రచయిత మీద ఇంత నిర్దయగా ఎందుకు రాశావు? ఆయన ఇప్పుడుంటే ఏమనుకుంటాడు?" అన్నాడు.

"ఉండారు సార్. వెనక వరసలో కూర్చోనుండారు" అంది ఆమె.

హాలంతా వెనక్కి తిరిగింది. ముందు పేజీలో గైడ్ పేరూ ఆ రచయిత పేరూ ఒకటేనని గమనించని పరీక్షకుడు పాపం లేచి నిలబడిపోయాడు. సార్ ఆయన్ని కూర్చోమని చెయ్యి చూపి, సభలో ఎవరైనా ప్రశ్న వేయవచ్చు కదా, ఒకటి అడగనా అన్నారు. సరే అన్నాక ఆమె వైపు తిరిగారు.

"పాపా, నక్షత్రం నడుమ ధార పుడతాదన్నావు. పైన నక్షత్రం బరువంతా కప్పుకోనుంటాది. ఆ ధార దాన్ని చీల్చుకోని బయటికి రాలేకపోతే?"

"లోపలే అణిగిపోతాది సార్. మనకు మెరుపు కనబడదు."

"అట్లాంటివి ఉంటాయంటావా?"

"ఉంటాయి సార్. బయటికి వచ్చినవాటికన్నా రానివే ఎక్కువ ఉంటాయేమో. వాటిలో బలం లేక కాదు."

"సరే" అని సార్ కూర్చున్నారు. ఇంకెవరూ ప్రశ్న వేయలేదు. డిగ్రీ ఇవ్వవచ్చని పరీక్షకుడు ప్రకటించగానే, ఆమె తండ్రి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక లేచి నమస్కారం పెట్టాడు.

భోజనాల దగ్గర సార్ నా పక్కన కూర్చున్నారు. చుట్టూ సందడిగా ఉంది. నా నోరు ఊరుకోదు కదా. "సార్, అంత గట్టి దెబ్బలు మీకు వారంలో ఎట్ల తోచాయి? ఆ పక్క గెలాక్సీ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు" అన్నాను.

ఆయన ఓళిగ తుంచుతూ ఆగారు.

"వారంలో తోచింది కాదమ్మా. అది నాకు శానా యేండ్ల నుంచి తెలుసు. వలయాన్ని కాచినోన్ని నేనే గదా, యాడ పగులు ఉండాదో నాకు గాక ఇంగెవురికి తెలుస్తాది? ఎవురన్నా అడుగుతారేమోనని ప్రతి సభలోనూ భయపడతా కూర్చుంటి. అన్ని యేండ్లలో ఒక్కరు గూడ అడగల్యా." ఎదురుగా ఆ అమ్మాయి తల్లికి వడ్డిస్తోంది, ఆయన చూపు అటు పోయింది. "ఆ పాప చేత నేనే అడిగించుకుంటి. ఈ పూట భయం లేకుండా అన్నం తింటాండాను."